గజం లెక్క

తెల్లారకముందే తాడు లాగుతాడు ఆర్విల్ టాకెట్.
ఈ కొసన ఒక మేకు, ఆ కొసన ఒక మేకు,
నడుమ తెల్లరంగు బండి,
కీచుమంటూ దాని ఎడమ చక్రం.
ఇరవై ఆరేళ్లు, ఆరుగురు కోచ్‌లు.
ఎవడొచ్చినా మైదానం నూరు గజాలే,
ఐదేసి గజాలకో గీత.

ఆరోవాడు వేడ్ స్ట్రిక్‌లండ్.
ఏడాదికి తొమ్మిది మిలియన్ డాలర్లు,
ఇల్లు, రెండు కార్లు, అడిగినప్పుడల్లా విమానం.
గెలిస్తే పైన మరికొంత.
ఓడితే?
ఆ ముక్క చీమతలకాయంత అక్షరాల్లో ఉంది,
ఆయన లాయరు తప్ప ఎవరూ చదవలేదు.

నాది కాలేజీలో ఫీజుల కిటికీ.
అద్దం అవతల నుంచి ఓ పిల్ల అడిగింది:
"ఈ ఏడో గీత ఏంటండీ?"
"ఆటల రుసుము. రెండువందల పన్నెండు."
"నేనెప్పుడూ ఆటకి వెళ్లలేదు."
"వెళ్లకపోయినా ఉంటుందమ్మా."
ఆ పిల్ల నాణేలతో సహా లెక్కపెట్టి ఇచ్చింది.
నేను ముద్ర కొట్టాను. నా పని అది.

ఆ ఏడే ఫ్రెంచి చెప్పే గదికి తాళం పడింది.
పిల్లలు తగ్గారట.
ఇరీన్ వాండర్‌పూల్ క్రియాపదాల పటాలు చుట్టచుట్టి
డిక్కీలో పడేసుకుంటూ
స్టేడియం కొత్త దీపాల వైపు ఓసారి చూసింది.
ఏమీ అనలేదు.
తిట్టి ఉంటే బావుండేది.

"అయితే ఏంటంటావ్?" అని నా మీదికొచ్చింది మార్లీన్ డస్,
నా ముందు గుడ్డట్టు పెడుతూ.
"ఏడాది మొత్తానికి నాకున్నవి ఆరు శనివారాలు.
ఆ ఆరింటి గిరాకీతోనే
మార్చి దాకా నా పొయ్యి వెలగాలి.
ఈయన రాకముందు సగం బల్లల మీద ఈగలే.
ఖరీదా? ఖరీదే.
చవగ్గా వచ్చిందని వట్టిపోయిన ఆవుని కొంటామా?"
అట్టు బావుంది. నేను వాదించలేదు.

టేవియన్ మోస్బీ మోకాలు విరిగిన రాత్రి సంగతి కూడా చెప్పాలి.
వాళ్లమ్మ మూడు బస్సులు మారి వచ్చేసరికి
ఆస్పత్రి వసారాలో, ప్లాస్టిక్ కుర్చీలో
వేడ్ స్ట్రిక్‌లండ్ కూర్చుని ఉన్నాడు,
ఒళ్లో తెరవని బిస్కెట్ పొట్లం.
తెల్లారేదాకా కదల్లేదట.
ఆ రాత్రికి ఎంత కట్టాలి?
ఆ తల్లి ఒక ధర చెబుతుంది.
ఇరీన్ ఇంకోటి చెబుతుంది.
నా కిటికీ దగ్గర ఆ గడి లేదు.

నవంబరులో, మూడు పాయింట్ల తేడాతో,
బంతి స్తంభానికి తగిలి ఇవతలే పడింది.
ఆదివారం మధ్యాహ్నానికి ఆయన్ని తీసేశారు.
అప్పుడు బయటపడ్డాయి ఆ చీమతలకాయలు:
ముప్ఫై ఒక్క మిలియన్లు,
నాలుగేళ్ల పాటు, ఏ పనీ చెయ్యనందుకు.
ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు.
మా ఊళ్లో చచ్చిన ఏనుగుకే రేటెక్కువ.

ఇంకో ఆట మిగిలి ఉంది.
గురువారం చీకట్లో ఆర్విల్ గీతలు గీస్తుంటే
సామాను పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడాయన.
ముప్ఫై గజాల దగ్గర ఆగాడు.
తడి గీత. చూసుకునే కాలు చాచాడు.
అయినా మడమ తగిలింది.
"క్షమించు ఆర్విల్" అన్నాడు.
పేరు తెలుసని ఆర్విల్‌కి అప్పుడే తెలిసింది.
అక్కడి నుంచి కారు దాకా
తెల్లటి అరపాదాలు, పదకొండు,
పోనుపోను పలచబడుతూ.
గీత సరిచేశాడు గానీ
తారు మీది పాదాలు కడగలేదు ఆర్విల్.
శనివారం వాన కడిగింది.

ఏడోవాడికి పదిన్నర మిలియన్లట.
సంతకాల రోజు బ్యాండు వాయించారు,
మార్లీన్ అదనంగా రెండు బల్లలు వేసింది.
ఆర్విల్ బండికి ఎడమ చక్రం కావాలని
రాసిచ్చిన కాగితం నా బల్లమీదే ఉంది.
నలభై ఆరు డాలర్లు.
వచ్చే ఏడు చూద్దాం అని రాసి పంపారు పైనుంచి.

తెల్లారకముందే,
నా కిటికీ తలుపు తీయకముందే,
వినిపిస్తోంది
కీచుమంటూ.