గడువు తేదీ

మొదట ఫ్యాను కోసం వచ్చారు.
అబద్ధమెందుకు, పుస్తకాల కోసం కాదు.
మే నెల మిట్టమధ్యాహ్నం
జాలరిపేట మెట్లెక్కి, కాళ్ళకు ఇసకతో
నలుగురు గుంటలు గడప దగ్గర ఆగి
"కూకోవచ్చేటి మేడమ్?" అన్నారు.
నిశ్శబ్దము పాటింపుడు అన్న బోర్డు
నా వంక చూసింది.
ఫ్యాను కింద పేపరు చదివే పెద్దాయనా చూశాడు,
షిప్‌యార్డులో రిటైరయ్యాక
ఆ కుర్చీ ఆయన పెన్షన్లో భాగం.

చదవండి అని నేననలేదు.
ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో తెలిసిందొకటే,
చదవమన్న పుస్తకం కాకరకాయ కూర.
సొరచేప బొమ్మున్న పేజీ తెరిచి
బల్ల మీద వదిలేసి
టీ తాగడానికి వెళ్ళాను.
తిరిగొచ్చేసరికి నాలుగు తలలు
ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

"ఇది తప్పు మేడమ్" అంది లోవ.
ఏడేళ్ళది, ముందు పళ్ళు రెండు లేవు.
"సొర తోక నిలువుగుంటాది. ఈళ్ళు అడ్డంగా ఏసినారు.
మా నాన వల్లో పడితే నాను సూసినాను."

పుస్తకంలో తప్పు పట్టినవాళ్ళు
మళ్ళీ రాకుండా ఉండలేరు.
మర్నాడు వచ్చింది, ఇంకో తప్పు కోసం.
ఆ మర్నాడు ఎందుకొచ్చిందో
తనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సభ్యత్వం కాగితం మీద సంతకానికి
ఎల్లాజీ వేట దిగి తిన్నగా వచ్చాడు,
లుంగీ తడి ఆరకుండానే.
"ఈ పుస్తకాలు ఎవలివమ్మా?"
"అందరివీ."
"సముద్రం కూడా అందరిదేనన్నారు మాకు" అని నవ్వి
సంతకం నిదానంగా, ఒక్కో అక్షరం
ముడి వేసినట్టు వేశాడు.

తర్వాతి వారం ఆ పుస్తకం కనపడలేదు.
దుమ్ము దులుపుతుంటే దొరికింది,
ఎవరూ తియ్యని పాత గెజిట్ల వెనక,
వెన్ను గోడకు తిప్పి, దాక్కున్న పిల్లలా.
లోవ తల దించుకుంది.
వెనక అట్టకంటించిన చీటీ చూపించాను.
వంకరటింకర రబ్బరు ముద్రలు, వెలిసిన ఊదా తేదీలు.
వేలితో లెక్కపెట్టింది: పదకొండు.
"ఈళ్ళందరూ ఎవలు?"
"నాకూ తెలీదు."
"ఇచ్చేసినారా?"
"ఇచ్చారు కాబట్టే కదా నీ చేతిలో ఉంది."

చాలాసేపు ఏమీ అనలేదు.
ఉబ్బి, అలల్లా వంకర తిరిగిన పేజీలు నిమిరింది.
హుద్‌హుద్‌కి కిటికీలు ఊడిపోయిన రాత్రి తడిసి
డాబా మీద ఎండిన వాటిల్లో అదొకటి.
చెప్పాను.
"అయితే సముద్రం కూడా సదివిందేటి?"
"చదివింది. గడువులోగా ఇచ్చేసింది."

ఇప్పుడు పెద్దాయన కుర్చీ కిటికీ పక్కనుంది.
ఎవరూ జరపమనలేదు.
మొన్న సొర పేజీ తిప్పితే
అడ్డం తోక మీద, పెన్సిల్‌తో, పల్చగా
ఒక నిలువు తోక.
పుస్తకాల్లో గీతలు గీస్తే జరిమానా,
ఆ బోర్డు రాసింది నేనే.
రబ్బరు సొరుగులో ఉంది.
సొరుగు తియ్యలేదు.

నిన్న సాయంత్రం తమ్ముణ్ణి తెచ్చింది, తాతీలు,
నాలుగేళ్ళుంటాయి.
కుళాయి దగ్గర వాడి చేతులు కడిగి
తన గౌనుకే తుడిచి
పుస్తకం ముందు కూచోబెట్టింది.
చదువు అనలేదు.
పేజీ తెరిచి పక్కకెళ్ళి
కిటికీలోంచి ఎటో చూస్తున్నట్టు నిలబడింది.

వాడు బొమ్మ చూశాడో లేదో
"సొర!" అని అరిచాడు,
బోర్డు అదిరేలా.