అక్కడక్కడా

వాతావరణ కేంద్రం పంపే కాగితంలో
ఒక మాట ఎప్పుడూ ఉంటుంది:
"రాయలసీమ జిల్లాల్లో అక్కడక్కడా
భారీ నుంచి అతి భారీ వర్షాలు."
పదకొండేళ్ళుగా చదువుతున్నాను దాన్ని,
డ్యూటీకి ఇంత అని లెక్కగట్టి కొనుక్కున్న గొంతుతో,
ఆ రెండు ఒత్తుల దగ్గర నాలుక తడబడకుండా.

ఆ రాత్రి ఒంటిగంటా నలభైకి
ఫోన్లో ఒకాయన అడిగాడు,
"ఏం పాపా, అక్కడక్కడా అంటాండావే,
అక్కడంటే యాడ?"

పేరు మొగిలప్ప. పాపానాయుడుపేట అవతల
రైసుమిల్లు అటక మీద ఉన్నాడట.
రెండు మేకలు, గాజుపూసల గోతాం,
ఇరవై ఏళ్ళుగా తనతో మాట్లాడని బావమరిది,
నలుగురికీ కలిపి ఒక రేడియో.
స్వర్ణముఖి కింద వడ్ల బస్తాల్ని
ఒక్కొక్కటే తడిమి చూస్తోందట.

నా ముందు కాగితంలో
వాయుగుండం నెల్లూరికి ఆగ్నేయంగా కేంద్రీకృతమై ఉంది.
మొగిలప్ప దేనికీ ఆగ్నేయంగా లేడు.
మిల్లులో ఉన్నాడు.

కాగితం తిరగేశాను. వెనక తెల్లగా ఉంది.
ఫోను మోగినప్పుడల్లా రాసుకున్నాను, చదివాను.
కొండకి నడకదారి మూసేశారు.
కపిలతీర్థం రోడ్డులో కొండనీళ్ళు
పెళ్ళి షామియానాని పీటలతో సహా లాక్కుపోయాయి.
చంద్రగిరి దగ్గర ఆగిన రైల్లో, మూడో బోగీలో, ఒకామెకి నొప్పులు.
నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఎనుము కనబడితే
ఎవరిదో కాదు, ఖాదర్‌బీది, కట్టెయ్యండి.
ఊరిపేరు ప్రతిదీ రెండుసార్లు,
బడిలో హాజరు పిలిచినట్టు.
ఏ ఊరు పలికిందో నాకు వినబడదు.
రేడియోకి నోరే గానీ చెవి లేదు.

చెంగల్రాయుడు జనరేటర్లో పుల్ల ముంచి చూసి వచ్చాడు.
ఒంటి మీది చొక్కా పిండుకుంటూ అన్నాడు,
"మన డీజిలు తెల్లారిందాకా వస్తుంది.
వాళ్ళ సెల్లులు రావు పాపా."

అయిదు సెకన్లు గొంతాగితే మెమో ఇచ్చే ఉద్యోగం నాది.
ఆ రాత్రి నేనే అన్నాను,
"ఇప్పుడు రేడియో ఆపెయ్యండి.
సెల్లులు దాచుకోండి.
నాలుగింటికి మళ్ళీ పెట్టండి. నేనుంటాను."

ఆపేశారనే అనుకున్నాను.
పాటేస్తే ఎవరికి? చదివితే ఎవరికి?
కానీ ఆలస్యంగా పెట్టినవాళ్ళు ఒకరైనా ఉంటారేమో,
గరగర తప్ప ఏమీ లేకపోతే
లోకమే మునిగిందనుకుంటారేమో.
అయిదు నిమిషాలకోసారి టైము మాత్రం చెప్పాను,
పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు,
లేవకూడదన్నట్టు.
మూడూ అయిదు. మూడూ పది.
కిటికీ అద్దం మీద వాన
నా మాట పూర్తికాకముందే చెరిపేసేది.

నాలుగింటికి "నేనున్నాను" అన్నాను.
ఎవరికో తెలీదు.
ఫోన్లు అప్పటికే చచ్చిపోయాయి.
మొగిలప్ప నంబరుకి ఆరుసార్లు చేశాను,
ఆరుసార్లూ ఒకే ఆడగొంతు, నాకంటే బాగా,
అందుబాటులో లేరని చదివింది.

పదిహేడో రోజు వచ్చాడు.
చెవిలో దూది, చేతిలో ఖాళీ సెల్లులు రెండు.
"వీటి దుడ్లు నువ్వే ఇయ్యాల.
నాలుగింటికి పెట్టమంటివి గదా,
మా బామ్మర్ది మూడుకే పెట్టె.
నువ్వు చెప్పిన టైములన్నీ వినె.
నాలుగుకి చూస్తే కుయ్యిమనలా."

సొరుగులోంచి కొత్తవి తీసిచ్చాను.
"ఆయన ఇప్పుడైనా మాట్లాడుతున్నాడా?"
"మాట్లాడె."
"ఏమన్నాడు?"
"టైము మూడుంపావు అనె.
అంతే."

"మేకలు?"
"ఒకటి ఉండాది."
సెల్లులు లుంగీ కొసన ముడేసుకుని
మెట్లు దిగిపోయాడు.

ఈ సాయంత్రం కాగితం మళ్ళీ వచ్చింది.
రాయలసీమ జిల్లాల్లో అని చదివి
ఆ మాట ముందు ఆగాను.
నాలుగు సెకన్లు.
అయిదైతే మెమో.