కాస్త చీకటి

మొదట కుడికన్ను మూల ఒక జరీపోగు వణుకుతుంది.
అంతే. నొప్పి ఇంకా రాలేదు.
ఇంకో ఇరవై నిమిషాలుంది నా దగ్గర.
ఈలోగా పదకొండు లారీలు తూయాలి.

పోర్టు కాటా గదిలో పనంటే
అద్దం అవతల ఎండ, ఎండలో ఇనపఖనిజం దుమ్ము,
తెరమీద ఎర్రంకెలు.
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే సరుకు.
ఇవాళ అయిదంకెల్లో మధ్యది కనపడదు,
జరీపోగు సరిగ్గా దానిమీదే కూచుంది.
ఒకటా, ఏడా? డ్రైవర్నే అడిగాను.
వాడికి నవ్వు.

సూపర్‌వైజరు పైడితల్లి గారు మంచాయనే.
"తలనొప్పే కదమ్మా, టీ తాగు" అంటాడు.
తల ఉంటే కదండీ నొప్పి.
ఈ పూట నాకున్నదల్లా ఒక కణత,
అందులో ఎవరో డేరా పాతుతున్నారు.
సండేస్కూల్లో విన్నానా కథ:
పాలు తాగి పడుకున్న సేనాపతి, మేకు, సుత్తి.
అప్పుడు ఆ ఆడమనిషికి చప్పట్లు కొట్టాను.
ఇప్పుడు వాడంటే అసూయ.
ఒక్క రాత్రితో అయిపోయింది వాడికి.

కాన్వెంట్ జంక్షన్ దాటేటప్పుడు
ఆటోలో ముక్కు మూసుకుంటాను.
డీజిలు, ఎండుచేపలు, పక్కావిడ జడలో సన్నజాజులు,
మూడూ ఒకటే వాసన.
పాత పోస్టాఫీసు దగ్గర దిగి
గోడ పట్టుకుని నడుస్తుంటే
"తాగీసిందేటి ఈ గుంట" అన్నారెవరో ఒకసారి.
నవ్వొచ్చింది.
నవ్వినందుకు ఇంకో దెబ్బ.

"బేగి తొంగోయే అమ్మా" అని అత్త తలుపేస్తుంది.
తర్వాత గిన్నెలు మాట్లాడతాయి.
తప్పేముంది, డెబ్బై ఏళ్ళ చేతులు.
మా ఆయన సీమోను షిప్‌యార్డులో వెల్డరు.
పొద్దంతా నిప్పురవ్వలు చూసి ఇంటికొచ్చి
గదిగదికీ బల్బులార్పుకుంటూ తిరుగుతాడు.
చీకట్లో అన్నం తింటాడు, కవ్వళ్ళ ముళ్ళు నాలుకతో వెతుక్కుంటూ.
పన్నెండేళ్ళలో అతను పెట్టిన ముద్దులకన్నా
ఆర్పిన లైట్లే ఎక్కువ.

ఇక సాక్ష్యం సంగతి.
మూడేళ్ళ కిందట ఉపవాస ప్రార్థనలో
అయ్యగారు నుదుట నూనె రాసి చెయ్యుంచారు.
ఆ వారమంతా నొప్పి రాలేదు, నిజం.
ఆదివారం మైకు పట్టుకుని చెప్పాను.
స్తోత్రాలు. వెనక ఎవరో ఏడ్చారు కూడా.
మంగళవారం సాయంత్రం, జరీపోగు.

ఎవరికీ చెప్పలేదు.
ఇప్పటికీ కొత్తవాళ్ళకి నన్ను చూపించి
"ఈ సిస్టర్ని ప్రభువు ముట్టాడు" అంటారు అమ్మగారు.
సంచిలో మాత్రల అట్ట తడుముకుంటూ నవ్వుతాను.
నల్లకళ్ళద్దాలు పెడితే షోకంటారని
ముసుగు ముందుకు లాక్కుని
ట్యూబులైటు పోయిన చోట వెనక బెంచీలో కూచుంటాను.
దాన్ని బాగుచేయించడానికి చందా అడిగారు మొన్న.
వచ్చే నెల ఇస్తానన్నాను.

ప్రభువా, నిన్ను వెలుగంటారు.
ఏ పాట తీసినా నువ్వు సూర్యుడివి, వేకువవి, దివిటీవి.
నేనేమో కిటికీకి దుప్పటి కొట్టించుకుని పడుకున్నాను.
దుప్పటి చాల్లేదు. జానెడు సందు.
డాల్ఫిన్ నోస్ మీది లైటుహౌసు
ఊరకే ఉండదు కదా,
వస్తుంది, గోడ తడుముతుంది, నన్ను చూసి పోతుంది,
మళ్ళీ వస్తుంది.

రాత్రి కుటుంబ ప్రార్థన పాట లేకుండా చేశారు.
బ్యూలా వంతు వచ్చింది. తొమ్మిదేళ్ళు దానికి.
స్వస్థత అడగలేదు.
"యేసయ్యా, అమ్మకి కాస్త చీకటియ్యి.
కొండమీద లైటు కాసేపు ఆపు.
ఓడల్ని నువ్వు చూసుకో" అంది.

లైటు ఆగలేదు.
అది లేచి వెళ్ళి, ఆ సందుకి వీపు ఆన్చి
నిలబడింది.
ఎంతసేపో నాకు తెలీదు, నిద్రపోయాను.

పొద్దున్న కాఫీ తెచ్చి
"తగ్గిందేటి?" అని అత్త.
ఆగత్తా.
తూచి చెప్పాలి.