ఎడమ దిక్కు

మండిబజార్ల పెండ్లిపిలగాన్ని షేర్వాణీతో సహా
మోరీల పడేసిందని
బగ్గీల జహంగీరు దాన్ని నాకు పన్నెండు వేలకే ఇచ్చిండు.
నొసటి మీది అద్దాలపట్టీ ఇప్పుకొని
ఉత్త గుర్రాన్నే ఇచ్చిండు.
"గా పైసలకు ఎద్దుకాలు గూడ రాదు,
ఏం చూసి తెచ్చినవు ఓదెలూ?" అన్నది కొమురమ్మ.

పేరు సుర్మా.
కండ్ల కింద నల్లటి గీత, ఎవలో దిద్దినట్టు.
ఎనుమాముల మార్కెట్ ఎనుక
మూతబడ్డ జిన్నింగ్ మిల్లుల కట్టేసిన.
పత్తి బస్తాలు మోసీ మోసీ జారిన నా కుడి భుజం,
కర్రవాతలు తేలిన దాని ఎడమ డొక్క.
ఇద్దరికీ ఒక పక్క పనికిరాదు.

మొదటి వారం బస్తాను గుంజినట్టే గుంజిన.
తాడు అరచేతిని కోసుకుంట పోయింది.
క్వింటాలు బోరెం ఎత్తినోన్ని,
దాని మెడను జానెడు తిప్పలేకపోయిన.

నాడాలు కొట్టే చాంద్ పాషా చూసిండు గని నవ్వలే.
"తాడు ఇప్పు" అన్నడు.
ఇప్పితే ఉరుకుతది.
"ఉరకనియ్యి. గోడలున్నయి కద.
నువ్వు పోయి నడిమిట్ల కూసో, దానికి వీపు పెట్టి.
కండ్లల్లకు చూడకు. పులి చూస్తది గట్ల."

కూసున్న.
బీడీ ఎలిగించుడు గూడ బంద్ పెట్టి కూసున్న;
అగ్గిపుల్ల గీస్తే దానికి
పటాకలే యాదికొస్తయి.
రేకుల సందుల నుంచి ఎండ నా మోకాలెక్కి దిగిపోయేటిది.
ఎనుక డెక్కల చప్పుడు.
దూరం. దగ్గర. మళ్ల దూరం.
మూడోనాడు చప్పుడు ఆగింది.
మెడ మీద ఉడుకు ఊపిరి,
నానిన ఉలవల వాసన.
తిరగలే.
ఎంత ఆపుకున్ననో నాకే ఎరుక.

చెయ్యి పెట్టుడు ఎవలకైనా వస్తది,
నేను తీసుడు నేర్చుకున్న.
చెవు ఒక్కటి నా దిక్కు మళ్లిందా, తీసెయ్యాలె.
తల కిందికి దించి, నోట్ల ఏం లేకున్నా నమిలిందా,
"గిప్పుడు మింగింది నీ మాట" అనేటోడు పాషా,
ఇగ ఆ పూటకు చాలు, ఇంటికి పోవాలె.
యాభై రెండేండ్లల్ల
నేను నమిలి మింగేదాక
ఎవలూ ఆగలే.

ఎడమ దిక్కు మాత్రం ఈగను రానియ్యకపోయేది.
కుడి పక్క నిలబడి, మెడ కింది నుంచి చెయ్యి పోనిచ్చి
ఆవలి పక్క గోకేటోన్ని.
ఒక ఏలు. కొన్ని దినాలకు రెండు.
మెడ నుంచి భుజం దాక వచ్చేసరికి
శ్రావణమంతా అయిపోయింది.
మధ్యల ఒకనాడు తొందరపడ్డ,
తొడ మీద తన్నింది.
తప్పు నాదే. కొమురమ్మకు మాత్రం
మెట్లు జారిన అని చెప్పిన.

కార్తీకంల లగ్గాలు మొదలైనయి.
ఒక రాత్రి మిల్లుగోడ అవుతలి నుంచే బరాత్.
డీజే దెబ్బకు రేకులు అదురుతున్నయి,
పటాకల ఎలుగుల సుర్మా కండ్లు తెల్లగ కనబడ్డయి.
గోడకు గోడకు కొట్టుకుంట తిరిగింది.
లోపలికి పోయిన. తాడు లేదు. మాట గూడ రాలే,
నిజం చెప్పాలంటే నా కాళ్లు గూడ వణుకుతున్నయి.
నడిమిట్ల, నా జాగల నేను నిలబడ్డ,
వీపు పెట్టి.

అది వచ్చింది.
ఎడమ డొక్క, ఆ వాతల డొక్కనే,
తెచ్చి నా జారిన భుజానికి ఆనిచ్చింది.
దాని బరువంతా వణుకుడే.
భుజం సలిపింది.
బరాత్ సందు మలిగేదాక కదల్లే.

హమాలీల అడ్డా మీద అడుగుతరు:
"ఎక్కినవారా?"
ఇంకా లే.
"మరి ఇన్ని నెలలు ఏం జేసినవు?"

నిన్న మాపటీలి నేను ఎడమ పక్క ఉండంగనే
ఒక కాలు సడలిచ్చి, కింది పెదవి ఏలాడేసి
నిలబడే నిద్రపోయింది.
గది వీళ్లకెట్ల చెప్పాలె.
చాయ్ గిలాస పెట్టేసి లేచిన,
ఉలవలు నానబెట్టాలె.