ఆరని చోటు

హోల్డెన్ రస్క్ ఇడాహో నుంచి వచ్చాడు
పదకొండు గళ్ళ కాగితం పట్టుకొని.
లోకం కూలిపోయే రోజుకి
అతనికి నలభై ఎకరాలు కావాలట.
నాది బోర్లు వేసే పని.
ఈ మార్‌బెల్ కౌంటీలో ఎక్కడ ఎన్ని అడుగులకు
నీళ్ళు పడతాయో చెప్పగలను.
లోకం సంగతి నాకు తెలీదు.

మొదటి గడి నీళ్ళు.
పద్దెనిమిది అడుగులకే పడతాయన్నాను.
కళ్ళు మెరిశాయి, పది వేశాడు.
కుళ్ళిన గుడ్డు వాసనొస్తాయని
కాసేపాగి చెప్పాను.
కొట్టేసి తొమ్మిది చేశాడు.

రెండోది పంటకాలం.
మంచు పడని రోజులు రెండు వందల అరవై.
బెండ మొక్క నా నెత్తి దాటుతుంది,
చిలగడదుంప తీగ పీకి పారేసిన చోటే వేరు పట్టుకుంటుంది.
"చేతికర్ర గుచ్చినా చిగురేస్తుందిక్కడ" అన్నాను,
గొప్ప చెప్పుకున్నట్టే.
అందులో కాస్త భయం కూడా ఉందని
అతను వినలేదు.
ప్రూయిట్ వాళ్ళ పాత ట్రాక్టర్ని
కుడ్జు తీగ రెండు వేసవుల్లో మింగేసింది.
ఆకుల కింద స్టీరింగ్ గుండ్రం మాత్రం
ఇంకా ఆనవాలు పట్టొచ్చు.

హైవే నలభై మైళ్ళు, జనం పలచన.
దానికి పదికి పది.
నేనేమీ అనలేదు.
మా నాన్నని వాగులో పాము కరిచిన రోజున కూడా
ఆ మైళ్ళు నలభయ్యే.

ధాన్యం నిలవ అన్న గడి దగ్గర
వర్నెల్ టిడ్‌మోర్ గారి కొట్టంలోకి తీసుకెళ్ళాడు.
మార్చిలోనే అద్దెకు తీసుకున్నాడట.
ముప్పై ఆరు బకెట్లు, మూతలు బిగించి,
ఒక్కోదాని మీద తేదీ,
అతని అక్షరాలు అచ్చులో పోసినట్టు.
ఇప్పుడు ఆగస్టు.
గాలిని పిండితే చెంబెడు నీళ్ళొస్తాయి.

మొదటి మూత తీశాడు.
బియ్యం కదిలింది,
అతని చెయ్యి తగలకముందే.
పిండి నీలంగా ఉంది.
ఉప్పు రాయి అయింది.
తూటాల పెట్టెలో ఇత్తడి పచ్చబడి
అచ్చం నాచు.

"ఇరవై ఐదేళ్ళు ఉంటుందని రాశారు" అన్నాడు,
ఎవరితోనో తెలీదు.
"రాసినవాడు ఆగస్టులో ఇటు రాలేదులే నాయనా,"
వర్నెల్ గడప మీదే నిలబడి
అట్టముక్కతో విసురుకుంటోంది.
"మా అమ్మ పంది తొడని పొగబెట్టేది, హికరీ కట్టెలతో.
అది కూడా వసంతం దాటిందా, కుక్కలదే.
పండినప్పుడు తిను, మిగిలితే పంచు,
పంచగా మిగిలితే కోళ్ళకెయ్యి.
ఇక్కడ దాచడమంటే అంతే."

ఆ మాట ఆమె నీతి కోసం అనలేదు.
కోళ్ళకి నిజంగానే మేత కావాలి.
మధ్యాహ్నానికల్లా పదకొండు బకెట్లు
పెరట్లో గుమ్మరించాం ముగ్గురం.
ఎర్రకోడి పురుగుల్నే ఏరుకుంది,
బియ్యం వంక చూడలేదు.
హోల్డెన్ తిరగేసిన బకెట్ మీద కూర్చొని
చాలాసేపు దాన్నే చూశాడు.
గండుచీమ కరిచినా లేవలేదు.

పొద్దు వాలాక
కాగితం నా చేతికిచ్చి మొత్తం కూడమన్నాడు.
లారీ అద్దం దగ్గర పెట్టి ఉంచాడేమో,
తడికి సిరా పాకింది.
ఒకచోట ఏడో ఒకటో తెలీడం లేదు,
ఇంకోచోట అంకె లేదు, మరక ఉంది.
కూడినట్టు నటించాను.

"బోరు ఎప్పుడు మొదలుపెడతావ్?" అన్నాడు.
వర్నెల్ మా ఇద్దరికీ చెరో డజను గుడ్లు
పాత టోపీల్లో పెట్టి ఇచ్చింది.
ఎండాకాలం కదా, వారంలోపు తినేయమంది.

చొక్కా వీపుకి అంటుకొని ఉంది అతనికి.
పుట్టినప్పటి నుంచీ
నాక్కూడా.