పది దారాల మిషన్

మొకోలాలో నా కొట్టు బోర్డు మీద
కుట్టుమిషన్ల రిపేరు అనే ఉంటుంది.
అయినా ఫొలారిన్ దాన్ని బైకు వెనక కట్టి తెచ్చాడు.
దుప్పట్లో చుట్టిన బల్ల,
విడిగా నాలుగు కాళ్లు, మూడు పెడళ్లు,
సైకిల్ ట్యూబు ముక్కతో బిగించిన సన్నటి ఊచల కట్ట,
పాలడబ్బా నిండా మరలు.

"స్టీల్ గిటార్, ఇయా సుబూ.
బాబా దురోజాయే పోయాక మావాడు తుడుద్దామని విప్పాడు.
బిగించడం రాలేదు."

విప్పడం ఎవరికైనా వచ్చు.

వెల్లకిలా పడుకోబెట్టి కడుపు చూశాను.
అడ్డంగా కడ్డీలు, కడ్డీకి కొక్కేలు,
కొక్కెం నుంచి ఊచ,
ఊచ పోయి కుడికొసన ఒక వేలిని పట్టుకోవాలి.
పెడల్ తొక్కితే కడ్డీ తిరుగుతుంది,
వేలు వంగుతుంది,
తీగ ఒక మెట్టు ఎక్కుతుంది.
వదిలితే దిగుతుంది.
మా మిషనే ఇది. దారాలు పది, సూది లేదు.

వేళ్ల మధ్య ఎవరో పుణ్యాత్ముడు పామాయిల్ పోశాడు.
అది హర్మటాన్ దుమ్ముతో కలిసి ఎర్రటి జిగురై
పదింటినీ ఒక పిడికిలి చేసింది.
రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి
పొద్దున పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్కటే విడదీశాను.
పని నేర్పిన అలాజా శెరీఫా అనేది,
నూనె గొంతు తడిసేంతే వెయ్యి,
కడుపు నిండితే మిషన్ నిద్రపోతుంది.

ఊచలే తేలలేదు.
ఐదు సైకిల్ చక్రం పుల్లలు, ఒకటి గొడుగు కమ్మీ,
తక్కినవి అసలువి, అన్నీ ఆయన చేత్తో వంచినవే.
ఏది ఎక్కడిదో రాసిపెట్టిన కాగితం లేదు.
దీపం దగ్గర పెట్టి చూస్తే
ప్రతిదాని ఒంటి మీదా ఒక చోట మెరుపు,
పక్క ఊచతో ఏళ్ల తరబడి రాసుకున్న చోట.
పొరుగుతో పోట్లాడిన చోటే దాని చిరునామా.
మెరుపుకి మెరుపు జతచేస్తూ
మూడు సాయంత్రాలు.

కొసల నైలాన్ నట్లు నాలుగు అరిగిపోయాయి.
కూరలు తరిగే పలక అంచు కోసి మర వేశాను.
(సుబూ ఇంకా నన్ను క్షమించలేదు.)

తీగలు ఎక్కించి తొక్కాను.
మూడోది ఎక్కింది, వదిలితే ఇల్లు చేరలేదు,
వీధి మలుపులో నిలబడిపోయింది
పిసరంత పైన.
స్ప్రింగు మార్చాను. మళ్లీ అంతే.
చివరికి తెలిసింది, ఊచనే మరీ బిగించాను.
పని లేనప్పుడు అది కాస్త ఊగాలి.
అర చుట్టు వదిలాను.
వచ్చింది.

ఒక ఊచ మిగిలింది.

దీని మీద మెరుపు లేదు, తుప్పే.
చుట్టూ ఎర్ర దారం.
బల్ల కింద వెతికితే ఎడమ మోకాలి వైపు
మడిచి కట్టేసిన మీట ఒకటి,
పెయింటు చెక్కుచెదరలేదు.

"ఆ మోకాలా?" అన్నాడు ఫొలారిన్.
"లారీ గుద్దినప్పుడు పోయింది.
నేను బ్యాండులో చేరకముందు."

తీసేశాడు. పారెయ్యలేదు.
ఊచకి దారం కట్టి, బల్ల కడుపులోనే దాచాడు.

బిగించాను.
ఫొలారిన్ కూర్చుని మోకాలు ఎడమకి నెట్టాడు.
ఎనిమిదో తీగ అర మెట్టు కిందికి జారింది,
వంగిన తలుపు దానంతటదే మూసుకున్నట్టు.
మళ్లీ నెట్టాడు. మళ్లీ.
పక్క కొట్లో మొరెనికె మిషన్ ఆగింది.

"ఈ చోటికి రాగానే బాబా
చేతిలో దిమ్మని వెనక్కి లాగి, తల పక్కకి వంచేవాడు.
అది స్టైల్ అనుకున్నా.
పదకొండేళ్లుగా నేనూ తల వంచుతున్నా."

నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

సగం డబ్బిచ్చాడు,
మిగతా సగం శనివారం పెళ్లి అయ్యాక.
పామాయిల్ వద్దని దుప్పటి మీదే సుద్దముక్కతో రాశాను.
దుమ్ముగాలి మొదలవకముందే తీసుకురమ్మన్నాను.

దారం నా దగ్గరే ఉంది, బాబిన్ల డబ్బాలో.
రెండు మూరలుంటుంది.
గట్టిదే.