గుంపు గొంతు

సాలిగ్రామంలో, పరోటా కొట్టు మేడమీద
పాత డబ్బింగ్ థియేటర్.
చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి.
మైకు వేస్తే ఏసీ ఆపేస్తారు.
చెమటకి చప్పుడుండదు కాబట్టి సరిపోయింది.

హిందీ సినిమా. పేలుడు కథ.
హీరో గొంతు హైదరాబాదు నుంచి విమానంలో వస్తుంది.
మిగతా అందరూ మేం ఏడుగురమే:
టీ అమ్మేవాడు, కానిస్టేబులు, వార్తలు చదివే పిల్ల,
చచ్చేవాళ్లు,
చంపేవాళ్లు.

పొద్దున రెండో రీలు.
ఒక దేవుడి పేరు పెట్టి అరవమన్నారు.
అరిచాం.
సాంబారన్నం తిన్నాక ఐదో రీలు.
ఇంకో దేవుడి పేరు.
అరిచాం.
"పొద్దుటి ఊపు లేదు సార్, అన్నం ఎక్కువైందా?"
గాజు వెనక నుంచి ఇంజనీరు సెల్వమణి.
నవ్వి, మైకుకి ఓ అడుగు దగ్గరగా జరిగి
మళ్లీ అరిచాం.
రెండుసార్లూ ముందు వరసలో
నేనూ, మస్తాన్‌బీ.

నా పేరు చెప్పలేదు కదూ. మస్తానయ్య.
నాకు ముందు ఇద్దరు దక్కలేదని
మా అమ్మ కసుమూరు దర్గాలో మొక్కుకుంది.
వాళ్లమ్మా అక్కడే మొక్కుకుందట.
ఇరవయ్యేళ్ల కింద కోడంబాక్కం బస్టాపులో
ఎవరో "మస్తాన్!" అని కేకేస్తే
ఇద్దరం తిరిగి చూశాం.
పిలిచింది మమ్మల్ని కాదు.

పేలుడు తర్వాత ఆర్తనాదాలు కావాలన్నారు.
నేనొకసారి నిజంది విన్నాను. ఏ ఊరో అడక్కండి.
ఆర్తనాదాల్లేవు. చాలాసేపు.
చెరుకురసం మిషను మాత్రం తిరుగుతోంది,
చక్రానికి కట్టిన గంటలు గల్లుగల్లున,
గడ పెట్టేవాడు లేకుండానే.
ఒక పెద్దాయన నా భుజం తట్టి
"బాబూ, నా ఎడంకాలి చెప్పు చూశావా" అన్నాడు,
మర్యాదగా.

సెల్వమణికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.
"పది సెకన్లు ఖాళీ వదిలితే
బాక్సులు పోయాయని ఈలలేస్తారు సార్."
అరిచాం.

తొమ్మిదో రీలు.
శవం మీద గుడ్డ తీస్తారు. తల్లి చెప్పాలి:
"వాడు నా బిడ్డ కాదు."
హిందీలో బేటా, మనకి బిడ్డ.
పెదవులు మూసుకునే చోట బకారమే పడాలని
రైటరుగారు వెతికి వేసిన మాట.
కొలత కుదిరింది.

మస్తాన్‌బీ హెడ్‌ఫోను పెట్టుకుంది.
"వాడు నా బిడ్డ"
ఆగిపోయింది.
తెరమీద తల్లి నోరు ఇంకా తెరిచే ఉంది,
ఒక 'కాదు' పట్టేంత.

"మర్చిపోయారా అక్కా?"
"లేదయ్యా."
రెండో టేకూ అంతే. మూడోదీ.

నాకు తెలుసు.
ఆమె తమ్ముడు జిలానీని ఒక రాత్రి తీసుకుపోయారు.
నాలుగేళ్లు ఉంచుకుని, పొరపాటంటూ పంపేశారు.
ఆ నాలుగేళ్లూ వీధిలో ఎవరడిగినా
వాళ్లమ్మ ఈ వాక్యమే చెప్పింది.
చెప్పకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు మరి.
వాడు తిరిగొచ్చి గడపలో నిలబడ్డా
ఆ ముసలామె నాలుక వెంటనే తిరగలేదు.

నాలుగో టేకులో చెప్పింది.
బాగా చెప్పింది.
సెల్వమణి బొటనవేలు పైకెత్తాడు.

మేనేజరు వోచర్లలో ఇద్దరికీ ఒకటే రాస్తాడు.
మస్తాన్, గుంపు, ఆరువందలు.
మస్తాన్, తల్లి, తొమ్మిదివందలు.
కాగితాలు తారుమారయ్యాయి.
నా చేతికి తల్లి వచ్చింది.
మెట్లమీద ఇవ్వబోతే
"ఉంచుకో, ఈసారికి నువ్వే చెప్పినట్టు రాసుకోనీ" అంది.
నేను ఒప్పుకోలేదు. ఆమె తీసుకోలేదు.
కాగితం మా మధ్య అట్లా ఉండగానే

కింద కొట్టులో పరోటా తరగడం మొదలైంది,
పెనం మీద రెండు ఇనప రేకులు
దడదడా, దడదడా.
రోజూ వినే చప్పుడే.

ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం,
ఒంటికాలికే చెప్పుతో నేను,
ఆమె అరచేయి నా చెవిమీద.